ఇరవై నాలుగు మూరల ఇల్లు

నర్సింలు ముగ్గు పోస్తుంటే ఆ ముసలావిడ చక్రాల కుర్చీని తిన్నగా తోసుకొచ్చి గీత మీద ఆపింది. పక్కనుంచి పోవడానికి ఎడారంత చోటుంది. ఆమెకు మాత్రం ఆ గీతే నచ్చింది.

"ఓ అవ్వా! కండ్లు ఇంటికాడ పెట్టి వొచ్చినవా? పొద్దుగాలసంది దారం గుంజి పోసిన గీత గది!"

షఫీ పికప్ నీడలో కూర్చుని రొట్టె తింటున్నాడు. బోధన్ వాడు, కంపెనీ డ్రైవరు, పదహారేళ్లుగా ఖతర్‌లో ఉంటూ అరబ్బీని అత్తగారింటి భాషలా చేసుకున్నాడు. అడగకుండానే అందరికీ అన్నీ అనువదించే అలవాటు అతనికుంది. ఈ ముక్కను మాత్రం నోట్లోని రొట్టెతో పాటు మింగేశాడు.

"అన్నా, జర నోరు జూస్కో. ఆమెకు ఇల్లెక్కడిది? గాజాకెళ్లి తెచ్చిన్రు. ఈ బిల్డింగులల్ల ఉన్నోళ్లంత బాంబులు వడి బతికినోళ్లే."

నర్సింలుకు తెలియక కాదు. ఈ ప్రాంగణంలో పన్నెండు రోజులుగా రాళ్లు పరుస్తున్నాడు. చంక కర్రలు చూశాడు, కట్లు చూశాడు. అయినా నోరుందే, అది చూడకముందే మాట్లాడుతుంది. ఏభై ఎనిమిదేళ్లుగా దానితో అదే తంటా. గీత మీదినుంచి ఆమె ముఖానికి చూపెత్తాడు. ఎడమ కాలు మోకాలి కిందినుంచి లేదు. గౌను అంచును మడిచి పిన్నీసు పెట్టుకుంది. కళ్లు మాత్రం సంతలో ఎద్దు పళ్లు చూసే రైతు కళ్లు.

ఆమె వేలితో తెల్ల గీతను చూపించి ఏదో అడిగింది.

"ఇదేందని అడుగుతున్నది," అన్నాడు షఫీ.

"షెడ్డు అని చెప్పు. కార్లకు నీడ. ముందుగాల ముగ్గు వోసి, గోడెక్కడ, స్తంభమెక్కడ అని నేల మీద చూపెట్టాలె. తవ్వుడు అటెన్క."

"కట్టకముందే కనవడ్తదా అంటున్నది."

"కనవడుడేంది? మా మేనమామ ముగ్గు వోసి తాపీ గూడ పట్టకముందే చుట్టాలు దిగిండ్రు. మూడొద్దులు తిని, గాలి సక్కగ వొస్తలేదని వంకలు వెట్టి పోయిండ్రు."

షఫీ చెప్పాడు. ఆమె నవ్వలేదు. నర్సింలును కిందినుంచి పైదాకా చూసి తన వంతు మొదలుపెట్టింది. వాళ్ల పొలంలో ఒకసారి పుచ్చకాయ కాసిందట. వాగు పొంగితే మామగారు దాన్ని నడిమికి కోసి, ఒక డొప్పలో కూర్చుని అవతలి గట్టుకు పోయాడట, గాడిదతో సహా.

"గాడిద ఒప్పుకున్నదా?"

షఫీ అడిగి, జవాబు విని పొరబోయాడు. "తొవ్వంత గింజలు ఉమ్ముకుంట కూసున్నదట."

నర్సింలు ముగ్గు డబ్బా కింద పెట్టేశాడు. కోతలు కోయడంలో ఇంత సరిజోడు అతనికి ఇండస్ట్రియల్ ఏరియాలోని తమ లేబర్ క్యాంపులో నాలుగొందల మందిలోనూ దొరకలేదు.

ఆమె పేరు ఉమ్ ఫాయిజ్. ఫాయిజ్ తల్లి అని అర్థం. ఆ ఫాయిజ్ ఎక్కడున్నాడని అడగాల్సిన పని లేకుండా ఆమే చెప్పింది. మొదట మామూలుగా, తర్వాత కుర్చీ చేతుల మీద పిడికిళ్లు బిగించి. షఫీ ఒక్కొక్క వాక్యమే తెలుగు చేశాడు.

"మాది కంచె పక్క పల్లె. సైన్యం మమ్మల్ని చుట్టుకొని ఏండ్లయింది. పొలానికి పోవాల్నన్నా వాళ్లనే అడగాలె. తెల్లారగట్ల బాంబేసిండ్రు. ఇంట్ల పదకొండు మంది. వాళ్లేమో అది ఇల్లే కాదు, ఖాళీ గోదామంటున్నరు. దాంట్ల ఎవరో ఆయుధాలోళ్లు దాక్కున్నరని పేపర్ల రాసుకున్నరు. కాగితాలు తీస్తే ఆడ ఉత్త పొలమే ఉన్నది. ఇల్లు కట్టుకోనీకె వాళ్లు పర్మిషనే ఇయ్యరు, ఇంక కాగితం ఏడికెళ్లి వొస్తది? ఫొటోలు గోడతోనే పాయె."

ఆ తర్వాతి మాట షఫీ కొంచెం ఆలస్యంగా చెప్పాడు.

"పుచ్చకాయ ముచ్చట జెప్తే అందరు ఒప్పుకుంటరు. పదకొండు మంది అన్న ఒక్క నిజం జెప్తే, ముందుగాల రాస్కోను వొచ్చినోని కలం ఆగిందట."

శనివారం తొమ్మిదింటికి ఒక వకీలమ్మ వస్తుంది. పై కోర్టుకు పంపడానికి వాంగ్మూలాలు రాసుకునే మనిషి. ఆమె ఒక్కసారే వస్తుంది. ఉమ్ ఫాయిజ్ ముగ్గు డబ్బా వైపు గడ్డంతో చూపించింది.

"నా ఇల్లు ముగ్గు వొయ్యుమంటున్నది, అన్నా."

పట్టా లేని ఇంటి సంగతి నర్సింలుకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. చదును చేసిన స్థలం కేసి చూశాడు. ఇల్లు పట్టేంత నేల అదొక్కటే ఉంది. శనివారం ఎనిమిదిన్నరకు క్లయింటు మనుషులు చూడటానికి వస్తారని, అద్దంలా ఉంచమని సైటు ఇంజినీరు వేణుగోపాలరావు మధ్యాహ్నమే చెప్పి వెళ్లాడు.

"రేపు శుక్రారం. సెలవే గదా," అన్నాడు నర్సింలు. "పొద్దుగాల ఆరింటికొస్త. ఛాయ్ పొయ్యాలె అని చెప్పు. ఉత్తగ జెయ్య."

శుక్రవారం క్యాంపులో బట్టలుతికే రోజు. బకెట్లన్నీ వరసలో ఉండగానే నర్సింలు షఫీని లేపుకొని వచ్చేశాడు. ఉమ్ ఫాయిజ్ అప్పటికే కుర్చీలో ఉంది, ఒడిలో ఫ్లాస్కు.

"పొడుగు ఎంత?" అని నర్సింలు టేపు లాగాడు.

ఆమె మీటర్లు ఎరగదు. కుడి చేయి చాపి, మోచేయి తట్టి, "ధిరా" అంది.

"మూర!" అని నర్సింలు ఎగిరినంత పని చేశాడు. "షఫీ, ఎవల మూర అని అడుగు. మా దిక్కు ఇల్లంటే యజమాని మూరతోనే కొలుస్తరు. ఆమె పెనిమిటిదా, కొడుకుదా?"

ఆమె నవ్వింది, ఆ రోజుకు మొదటిసారి. "మా ఆయన మూర పొడుగు. ఆయనతోని కొలిస్తే రాళ్లెక్కువ గావాలె. రాళ్లు మోసెటిదాన్ని నేను. అందుకే నా మూరతోనే కొలవనిచ్చిన."

నర్సింలు ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, మోచేతి నుంచి నడిమి వేలి కొసదాకా టేపు ఆనించాడు. ఎండకు నల్లబడ్డ చేయి, మణికట్టు మీద కాలిన మచ్చ. నలభై నాలుగు సెంటీమీటర్లు. ఒక కర్రను ఆ మేరకు కోసి, కొసకు ఎర్ర రంగు పూశాడు.

"పొడుగు ఇరవై నాలుగు. అడ్డం పద్దెనిమిది," అంది.

అతను మొదటి మేకు దిగ్గొడుతుంటే ఆమె ఇంకో మాట కలిపింది. మిద్దె మీద ఈ మూల నుంచి ఆ మూలకు తాడు కట్టి బెండకాయల దండలు ఎండబెట్టేదట. ఆ తాడు అంగడిలో సరిగ్గా ముప్ఫై మూరలు కొనుక్కొచ్చిందట, ముడికి కూడా మిగల్లేదని అంగడివాడితో పోట్లాడిందట.

నర్సింలు సుత్తె ఆగిపోయింది. "మల్ల అడుగు. ముప్ఫయేనా?"

"ముప్ఫయే. ఇంకో మూర ఎక్కువియ్యలేదని ఇప్పటికి తిడుతున్నది."

మూడూ, నాలుగూ, అయిదు. మూల సరిగ్గా కుదరాలంటే ఏ మేస్త్రీ అయినా పట్టుకునేది ఆ లెక్కనే. పద్దెనిమిది, ఇరవై నాలుగు, ముప్ఫై అన్నా అదే. లెక్క తెలియని మనిషి బెండకాయల తాడుతో దాన్ని తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను నాలుగు మూలల్లో మేకులు కొట్టి, దారం బిగించి, మూలమూలకు టేపు పట్టాడు. పదమూడు మీటర్ల ఇరవై. అటు పట్టినా అంతే, ఇటు పట్టినా అంతే.

గోడలు మొదలయ్యాయి. పిడికిట్లో పొడి పట్టి, వేళ్ల సందునుంచి దారం వెంబడి జారవిడుస్తూ వెనక్కి వెనక్కి నడుస్తాడు. చేయి వణికితే గీత లావవుతుంది, తొందరపడితే తెగుతుంది. వాకిలి దక్షిణానికి. ఎడమ చేతికి పెద్దర్ర, కుడికి చిన్నర్ర, రెండే గదులు. ఆమె కుర్చీలోంచే నడిపించింది. "ఇక్కడ గాదు, రెండు జానలు ఇవతలికి. అక్కడ వెడితే తలుపు గోడకు తగుల్తది."

పదకొండింటికి షఫీ జుమ్మా నమాజుకు పోయాడు. నర్సు వచ్చి ఉమ్ ఫాయిజ్‌ను కట్టు మార్చడానికి తీసుకుపోయింది. పోతూ ఆమె ఈశాన్యం మూల చూపించి, చేతులతో పిండి చరిచి, "తాబూన్" అంది. రొట్టెల పొయ్యి అని అర్థమైంది. ఇంటి బయట, ఆ మూలకు అయిదు మూరల దూరంలో.

ఒంటరిగా ఉన్నప్పుడే ఫోను మోగింది. ఊరినుంచి భార్య బాలవ్వ. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"శుక్రారం గూడ పనేనా దుబాయ్‌ల?"

"ఇల్లు ముగ్గు వోస్తున్ననే."

"మనింటికి సున్నమెయ్యుమంటే చేతులు రావు. ఊరోళ్లకు ఇండ్లు గడ్తవా? ఎవలది?"

"ఒక అవ్వది. పొయ్యి ఈశాన్యంల వెట్టుమన్నది."

అవతల బాలవ్వ ఊపిరి పీల్చిన చప్పుడు ఖతర్ దాకా వినిపించింది. "ఈశాన్యంల నిప్పా? నువ్వు మేస్త్రివా, గొడ్లు కాసెటోనివా? ఆ ఇల్లు నిలవడ్తదా?"

ఫోను పెట్టేశాక నర్సింలు ఆ మూలకేసి చాలాసేపు చూశాడు. ముప్ఫై అయిదేళ్ల మేస్త్రీపనిలో ఈశాన్యంలో నిప్పు పెట్టినవాడు కాదు. ముసలిది దిక్కులు తప్పి ఉంటుంది అనుకున్నాడు. తప్పకపోయినా, సరిదిద్దితే మంచిదే గదా అనుకున్నాడు. ఆగ్నేయం మూల, గోడకు అయిదు మూరల దూరంలో, చక్కటి గుండ్రటి పొయ్యి పోశాడు. అంత గుండ్రంగా చందమామ కూడా పున్నానికొక్కసారే కుదురుతుంది.

షఫీ, ఆమె కలిసే తిరిగొచ్చారు. ఉమ్ ఫాయిజ్ ఇల్లంతా కలియజూసింది. ఆగ్నేయం దగ్గర చూపు ఆగింది. కాలికున్న ఒక్క చెప్పూ తీసి విసిరింది. అది నర్సింలు భుజానికి తగిలి పొయ్యిలో పడింది.

ఆమె అరుపులో షఫీ సగమే అందుకున్నాడు. "ఎవడు జరపమన్నడు? నా పొయ్యి ఎవడు జరపమన్నడు?"

"షఫీ, చెప్పు. మా శాస్త్రంల ఆ మూలకు నిప్పుంటే ఇంటికి కీడు. గందుకే..."

అని ఆగిపోయాడు. మిగతా మాట నాలుక చివరిదాకా వచ్చింది. పొయ్యి ఇక్కడుంటే మీ ఇంటికి ఆ గతి పట్టకపోవు. నోటిని పట్టుకోవడం అతనికి ఏభై ఎనిమిదేళ్లలో అదే మొదలు.

ఉమ్ ఫాయిజ్ అరవడం ఆపింది. ఈసారి మాట మెల్లగా వచ్చింది. షఫీ నేలకేసి చూస్తూ చెప్పాడు.

"ఆ సైన్యపోళ్లు గూడ తప్పు పొయ్యిదే అంటున్నరట. తెల్లారగట్ల పైన తిరిగే కెమెరాల చూస్తే ఆ మూలకు వేడి కనవడ్డదట, గోదాంల ఏదో నడుస్తున్నదని ఏసిండ్రట. పెద్దకోడలు రొట్టెలు కాలుస్తున్నది. ఈమె గొర్లకాడికి పోయింది, గందుకే కాలొక్కటే వోయింది."

నర్సింలు చెప్పు తీసి దుమ్ము దులిపి, ఆమె కాలికి తొడిగాడు. తర్వాత మడమతో ఆ గుండ్రటి గీతను చెరిపాడు. చెరిపి, చీపురుతో ఊడ్చి, మళ్లీ చెరిపాడు. కోపం ఎవరి మీదో తెలియలేదు, చీపురు పుల్లలు రెండు విరిగాయి. ఈశాన్యం మూలకు పోయి, ఎర్ర కర్రతో అయిదు మూరలు కొలిచి, కొత్త పొయ్యి పోశాడు.

"గీ పొయ్యిల తప్పు లేదు," అన్నాడు, ఎవరితోనో.

పొద్దు వాలేదాకా ఎవరు పడుకునే పక్క వాళ్లకు పోశారు. సమాధుల్లా ఉండకూడదని ఆమె ముందే చెప్పింది. పక్కలంటే పక్కలే, తల ఎటో కాళ్లెటో చెప్పింది. పెద్దర్రలో ముసలాయన గోడవారకు, గురక పెడతాడు కాబట్టి దూరంగా. పెద్దకొడుకు ఫాయిజ్, అతని నలుగురు పిల్లలు అడ్డంగా ఒకే పరుపు మీద, నాలుగు పక్కలుగా. చిన్నర్రలో రెండో కొడుకు, అతని భార్య, ఇద్దరు పిల్లలు. చివరిదానికి ఆమె చేతుల్తో పొడవు చూపించింది. మూర మీద జానెడు. నర్సింలు పిడికిట్లో పొడి ఒకేచోట రాలిపోయింది. గీత లావైంది. అతను వేలితో అంచులు సర్ది, మళ్లీ పోశాడు. పది పక్కలు. పెద్దకోడలికి పక్క లేదు. పొయ్యి ముందు ఒక పీట పోయించింది.

శనివారం ఏడూ ముప్పావుకు వేణుగోపాలరావు బండి దిగాడు. తెనాలి మనిషి, అల్ సద్ పేటలో ఫ్లాటు, ఇస్త్రీ చొక్కా. చదును స్థలం చూసి నడుముకు చేతులు పెట్టుకున్నాడు.

"ఏమయ్యా నర్సింలూ, ఏంటీ ముగ్గులు? పండగా?"

"ఇల్లు సారూ."

"ఎవరిది?"

నర్సింలు చెప్పాడు. రావు విన్నాడు, వినలేదనడానికి లేదు. గడియారం చూసుకున్నాడు.

"పాపమే, కాదన్నానా? కానీ ఎనిమిదిన్నరకి క్లయింటు కారు సరాసరి ఈ స్థలంలోకే వస్తుంది. ఇదంతా చూసి, ఇక్కడేం రాజకీయం అంటే నేనేం చెప్పాలి? సున్నప్పొడే కదయ్యా. ఫొటో తీసి పెట్టుకోండి. నీళ్లు కొట్టి మిషను తిప్పించెయ్."

"వకీలమ్మ తొమ్మిదింటికొస్తది సారూ. అరగంట."

"అరగంట ఆగమని వాళ్లకి నువ్వు చెప్తావా?"

"చెప్పుమంటే చెప్త. మా ఊళ్లె ఒకపారి కలెక్టరు జీపునే ఆపిన. ఎట్లంటే, సారూ, ఒక కోడిపుంజు..."

"నీ కోడిపుంజు తర్వాత. ముందు ఊడ్చు."

నర్సింలు గోడకు ఆనించిన చీపురు తెచ్చి, రెండు చేతులా పట్టుకుని ఇంజినీరు ముందు ఉంచాడు.

"నా చేతగాదు సారూ. మీరే ఊడ్వుండ్రి. పక్కల మీద తొక్కకుంట, జర సూసుకోని. గా మూలకు సంటిది పండుకున్నది."

రావు చీపురు అందుకున్నాడు. అందుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాడు. చుట్టూ కిటికీల్లోంచి, వరండాల్లోంచి జనం చూస్తున్నారు. ఉమ్ ఫాయిజ్ కుర్చీ వాకిలి గీత దగ్గర ఉంది. ఆమె రావుకేసి చూడటం లేదు, గేటుకేసి చూస్తోంది.

వకీలమ్మ ఎనిమిదికే వచ్చింది. తొందర మనిషి. తిన్నగా గీతలు దాటి రాబోతే ఉమ్ ఫాయిజ్ చేయెత్తి ఆపింది. వాకిలి చూపించింది. వకీలమ్మ చుట్టూ తిరిగి వాకిట్లోంచే వచ్చింది. అర్రలు చూసింది, పక్కలు లెక్కపెట్టింది, పీట దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత సంచీలోంచి పైనుంచి తీసిన ఫొటో ఒకటి తీసింది. బూడిదరంగు నేల మీద ఒక నల్లటి చుక్క, ఆ వేడి గుర్తు. తన టేపుతో గోడ మూల నుంచి పొయ్యి దాకా కొలిచి ఫొటోతో పోల్చి చూసింది. పెదవి కొరుక్కుంది.

షఫీ గొంతు తగ్గించి చెప్పాడు. "రెండు మీటర్లు తేడా వొస్తున్నదట. గుర్తు తప్పినవేమో, పొయ్యి జర ఇవతలికి జరిపితే ఫొటోకు సరిపోతది, కేసు గట్టిగుంటది అంటున్నది."

నర్సింలు పిడికిలి ముగ్గు డబ్బాలో ఉంది. ఒక్క మాటంటే నిమిషంలో జరిపేస్తాడు. ఉమ్ ఫాయిజ్ తల అడ్డంగా ఊపింది.

"దీన్ని శాస్త్రం కోసం ఒకడు జరిపిండు, చెప్పు విసిరిన. ఫొటో కోసం నేను జరుపుతనా? అబద్ధం గావాల్నంటే పుచ్చకాయది చెప్త, రాస్కో. పొయ్యి ఆడ్నే ఉండె."

వకీలమ్మ కలం ఆగింది. అదే ఆగడం. ఉమ్ ఫాయిజ్ ఆ కలాన్ని చూసింది, మళ్లీ కుర్చీ చేతుల మీద పిడికిళ్లు బిగించింది. జరపమని మాత్రం అనలేదు.

"నర్సింలూ," అన్నాడు రావు వెనకనుంచి. "పొడవెంత పోశావ్?"

"ఇరవై నాలుగు మూరలు సారూ, ఆమె మూరతోని. అడ్డం పద్దెనిమిది. లెక్క నాది గాదు, ఆమెదే. మూలమూలకు ముప్ఫై అని నేను మేకు కొట్టకముందే చెప్పింది. బెండకాయల తాడట."

"టేపు ఇలా తే."

రావు చీపురు పక్కన పెట్టాడు. వంగాడు. పొడవు కొలిచాడు, అడ్డం కొలిచాడు. నర్సింలును ఆ కొసన నిలబెట్టి మూలమూలకు లాగాడు. అంకె చూసి, నమ్మక, రెండో మూల నుంచి లాగాడు. ఫోనులో ఏదో నొక్కి చూసుకున్నాడు. అతని ఇస్త్రీ చొక్కా మోచేతులకు తెల్లపొడి అంటింది. తర్వాత వకీలమ్మ దగ్గరికి వెళ్లి ఇంగ్లీషులో మాట్లాడాడు. షఫీ దాన్నీ వదల్లేదు, తెలుగులో నర్సింలు చెవినేశాడు.

"ఫొటో సంగతి తనకు తెల్వదంటున్నడు. గీ ఇల్లు మాత్రం ఎవలో మూలమట్టం వెట్టి కట్టిందేనట. నోటికొచ్చినట్టు చెప్తే మూడంకెలు గిట్ల గలువయట. పొయ్యి ఆమె చెప్పినకాడ్నే రాయి, కొలిచింది నేనని రాయి అంటున్నడు. పేరు, డిగ్రీ, అన్ని ఇస్తున్నడు."

వకీలమ్మ కలం కదిలింది. రావు తన పేరులోని ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాడు. ఉమ్ ఫాయిజ్ ఫ్లాస్కు మూత విప్పి ఛాయ్ పోసి, ముందు ఎవరికివ్వాలో ఒక క్షణం ఆలోచించి, వకీలమ్మకిచ్చింది.

ఎనిమిదిన్నరకు తెల్లకారు గేటు దాటి, చదును నేల కనబడగానే తిన్నగా ఇటే తిరిగింది. నర్సింలు, షఫీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వేణుగోపాలరావు చేతులు దులుపుకోకుండానే, వాకిలి గీతలోంచే బయటికి నడిచి, కారుకు అడ్డంగా వెళ్లి చేయెత్తాడు. కారు ఆగింది. అద్దం దిగింది.

"చుట్టూ తిరిగి రండి సార్," అన్నాడు. "ఇక్కడ ఇల్లుంది."